హద్దు రాళ్లు అక్కడే ఉన్నాయి, ఎండావానలే మారాయి: అభయారణ్యాలకు వాతావరణ మార్పు తెచ్చిన చిక్కు

2024 ఆగస్టు 31 సాయంత్రం ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారం మధ్య అడవి మీదికి పెద్ద గాలి వచ్చింది. ఆ వారాంతమే బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచేశాయి కాబట్టి మొదట్లో దీన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తర్వాత అటవీ సిబ్బంది లోపలికి వెళ్లి చూస్తే వందల ఎకరాల్లో చెట్లు నేలమట్టమై ఉన్నాయి. కొన్ని వేళ్లతో సహా పెకలి పడ్డాయి, కొన్ని నడిమికి విరిగాయి. తొలి అంచనాలోనే 50 వేల చెట్లు అన్నారు. గాలి ఊళ్ల మీదికి రాకుండా సమ్మక్క సారలమ్మ తల్లులే ఆపారని చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు.

అది ఏటూరునాగారం అభయారణ్యం. 1950ల నుంచి ఆ హోదా ఉంది. అక్కడ పచ్చని చెట్టు నరికితే కేసు, జంతువును వేటాడితే జైలు. ఈ చట్టాలన్నీ మనిషిని ఆపడానికి రాసుకున్నవి. గాలికి నోటీసు ఇవ్వలేం కదా.

అడవిని కాపాడటం అంటే ఇన్నాళ్లూ గొడ్డలి నుంచి, తుపాకీ నుంచి, ఆక్రమణ నుంచి కాపాడటమే. ఇప్పుడు ముప్పు హద్దు రాయి పక్కనుంచి కాకుండా పైనుంచి వస్తోందని శాస్త్రవేత్తలు అంటున్నారు. అది ఎంతవరకు నిజం, ఎక్కడ అతిశయోక్తి, ఎక్కడ ఇంకా తేలలేదు అన్నది విడదీసి చూద్దాం.

ముందు మాటల దగ్గరే గందరగోళం

రేపు వాన పడుతుందా అన్నదీ తెలుగులో వాతావరణమే, భూమి చుట్టూ ఉన్న గాలి పొరా వాతావరణమే, ముప్ఫై ఏళ్ల సగటు తీసి చూసే ఎండావానల తీరూ వాతావరణమే. మూడోదాన్ని స్కూలు పుస్తకాలు శీతోష్ణస్థితి అన్నాయి గానీ ఆ మాట పరీక్ష హాలు దాటి బయటికి రాలేదు. ఇక్కడ వాతావరణ మార్పు అంటే ఆ మూడోదే. ఒక ఏడాది ఎండలు మండిపోవడం అందులోకి రాదు, దశాబ్దాల సగటే పక్కకు జరగడం వస్తుంది.

కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో వేసిన లెక్క ప్రకారం 1901 నుంచి 2018 మధ్య మన దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ఫ్యాన్ ఒక పాయింట్ పెంచుకుంటే సరిపోయే సంగతిలా అనిపిస్తుంది. సగటు కొంచెం జరిగితే అంచుల్లో ఉండే విపరీతాలు చాలా పెరుగుతాయి, తిప్పలంతా అక్కడే.

ఇంకో తికమక 'రక్షిత' అనే మాటతో. రోడ్డు పక్కన కనిపించే 'రిజర్వ్ ఫారెస్ట్' బోర్డు అటవీ చట్టం కిందిది. అదే చట్టంలో 'రక్షిత అడవి' అని ఇంకో తరగతి ఉంది, దానికి ఆంక్షలు తక్కువ. అభయారణ్యం, నేషనల్ పార్క్ వీటికి వేరు, అవి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందివి. కోరింగ 1978లో అభయారణ్యం అయింది, పాపికొండలు 2008లో నేషనల్ పార్క్ అయ్యాయి. టైగర్ రిజర్వ్ అంటే మధ్యలో పులుల కోసమే ఉంచే కోర్, చుట్టూ మనుషులకూ చోటున్న బఫర్. 2012లో ప్రకటించిన కవ్వాల్ అలాంటిదే. రాష్ట్రం విడిపోయాక నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ కూడా రెండైంది. తెలంగాణ వైపు 2,611 చదరపు కిలోమీటర్ల ముక్క అమ్రాబాద్ అయింది. ఒకే నేలకు రెండు మూడు హోదాలూ ఉండొచ్చు. శేషాచలం కొండల్లో 1989 నాటి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ ఉంది, 2010లో దాన్ని కలుపుకొని బయోస్ఫియర్ రిజర్వ్ వచ్చింది.

పేరు ఏదైనా వీటన్నిటికీ ఒక పోలిక ఉంది. సర్వే చేసి, రాళ్లు పాతి, గెజిట్‌లో అచ్చేసిన గీత ఉంటుంది. ఆ గీత కదలదు.

చెట్టు నడవదు గానీ అడవి జరుగుతుంది

ప్రతి మొక్కకూ ఇంత వేడి, ఇంత తేమ అని ఒక ఇష్టం ఉంటుంది. వేడి పెరిగితే పాత చెట్టు వెంటనే చావదు. దాని విత్తనాలు మాత్రం కింది వాలులో మొలకెత్తక, కాస్త చల్లగా ఉన్న పైవాలులో మొలకెత్తుతాయి. రెండు మూడు తరాలకు ఆ జాతి మొత్తం పైకి జరిగినట్టవుతుంది.

ఎంత పైకి? వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుందని పాఠ్యపుస్తకాల లెక్క. అంటే ఒక డిగ్రీ వేడి పెరిగితే పాత చల్లదనం కోసం 150 మీటర్లకు పైగా ఎక్కాలి. 1.5 డిగ్రీలకు 230 మీటర్లు.

ఇప్పుడు ఒక కొండను బొంగరం బోర్లించినట్టు ఊహించుకోండి. అడుగు 300 మీటర్ల ఎత్తులో, కొన 1,000 మీటర్ల దగ్గర. 700 మీటర్ల పైనే బతికే మొక్కకు ఆ కొండ మీద దక్కేది మొత్తం విస్తీర్ణంలో 18 శాతం. 1.5 డిగ్రీలు పెరిగాక అది 930 మీటర్ల పైకి వెళ్లాలి. అక్కడ మిగిలేది 1 శాతం. ఎక్కిన దూరం కొంచెమే, పోయిన జాగా దాదాపు అంతా. నిజం కొండలు ఇంత నున్నగా ఉండవు. తిరుమల పైన విశాలమైన చదును ఉంది, లోయల్లో నీడ ఉంది, ఉత్తరం వైపు వాలుకు ఎండ తక్కువ. ఇలాంటి చల్లని మూలల్లో మొక్కలు లెక్క చెప్పినదానికంటే ఎక్కువ కాలం నిలబడతాయి. వృక్ష శాస్త్రవేత్తల ఆశ కూడా వాటి మీదే.

శేషాచలం సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిందే. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. స్థానికంగా పేరిత అని పిలిచే సైకాస్ మొక్క ఇంకా చిన్న చోటుకు పరిమితం, తిరుపతి-కడప కొండలు దాటితే దాదాపు లేదు. చూడటానికి చిన్న ఈత చెట్టులా ఉంటుంది. దాని వంశం మాత్రం డైనోసార్ల కాలం నాటిది. నేరేడు కుటుంబానికి చెందిన మొగి చెట్టుదీ ఇలాంటి కథే. కొండ చుట్టూ ఊళ్లు, తోటలు, హైవేలు. ఇంకా చల్లని కొండ ఎక్కడో ఉన్నా వీటి విత్తనం అక్కడికి చేరే దారి లేదు.

చదునైన నేల మీద ఇంకా కష్టం. అక్కడ ఒక డిగ్రీ చల్లదనం కోసం చాలా దూరం పోవాలి. 2009లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దీన్నే వేగంగా లెక్కగట్టింది. ఈ శతాబ్దంలో ఒకే ఉష్ణోగ్రత వెంట పడాలంటే ప్రపంచ సగటున ఏటా 420 మీటర్లు జరగాలి. కొండల మీద ఉష్ణమండల సూదాకు అడవుల్లో 80 మీటర్లు చాలు, మడ అడవుల్లో దాదాపు కిలోమీటరు. 20 కిలోమీటర్ల వెడల్పున్న అడవిలో ఏటా అర కిలోమీటరు అనుకుంటే, నలభై ఏళ్లలో ఇప్పటి ఉష్ణోగ్రత ఆ అడవి హద్దు దాటేస్తుంది. ఒక టేకు చెట్టు జీవితకాలం అంతకంటే ఎక్కువ. ప్రపంచంలోని రక్షిత ప్రాంతాల్లో ఇప్పటి ఉష్ణోగ్రత నూరేళ్లకు మించి నిలిచేవి 8 శాతమేనని ఆ అధ్యయనం తేల్చింది.

వాన లెక్క సరిపోయినా నీళ్లు సరిపోవు

మన అడవులు ఎక్కువగా ఆకురాల్చేవి. నల్లమల చెట్లకు ఎండ కొత్త కాదు. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి ఆకు రాల్చి మోడుల్లా నిలబడటం వాటి తెలివి. అందుకే 'ఎండలకు నల్లమల ఎండిపోతుంది' లాంటి హెడ్డింగులను నేను అంతగా నమ్మను. చిక్కు వేడి కంటే వాన పడే తీరులో ఎక్కువ ఉంది.

ఒక లెక్క చూద్దాం. ఒక చోట సీజన్‌లో 600 మిల్లీమీటర్ల వాన. మొదటి ఏడాది అది 40 రోజుల్లో, రోజుకు 15 మిల్లీమీటర్ల చొప్పున పడింది. రెండో ఏడాది 30 రోజులు 10 మిల్లీమీటర్ల జల్లులు, మూడు రోజులు మాత్రం 100 మిల్లీమీటర్ల చొప్పున కుండపోత. మొత్తం రెండేళ్లూ 600 మిల్లీమీటర్లే, వర్షపాతం సాధారణం అనే రాస్తారు. అక్కడి రాతి నేల రోజుకు 40 మిల్లీమీటర్లు మాత్రమే పీల్చుకోగలదు అనుకుందాం. మొదటి ఏడాది 600 మొత్తం ఇంకింది. రెండో ఏడాది జల్లుల్లో 300, కుండపోత రోజుల్లో 120, కలిపి 420. మిగిలిన 180 మట్టిని కూడా వెంటబెట్టుకుని వాగులో పోయింది. ఏప్రిల్‌లో జింక నీళ్ల కోసం వెతికే కుంటలో తేడా అక్కడ కనిపిస్తుంది.

అంకెలు నేను ఉదాహరణకు వేసుకున్నవి గానీ పోకడ నిజమైనదే. 1951-80తో పోలిస్తే 1981-2011 మధ్య వానాకాలంలో మధ్యమధ్య వచ్చే పొడి విరామాలు 27 శాతం ఎక్కువసార్లు వచ్చాయని ముందు చెప్పిన భూవిజ్ఞాన శాఖ నివేదికే అంటోంది. కురిసే రోజుల్లో జోరు పెరిగిందని కూడా రాసింది.

అమ్రాబాద్‌లో వేసవిలో మన్ననూర్ నుంచి ఫర్హాబాద్ వైపు వెళ్తే దీనికి అటవీ శాఖ ఇచ్చిన జవాబు కనిపిస్తుంది. నేలలోకి దించిన పెద్ద సిమెంటు సాసర్. జంతువు జారి పడినా బయటికి రాగలిగేలా అంచు ఏటవాలుగా ఉంటుంది. సాసర్ పిట్ అంటారు. ట్యాంకరో సోలార్ బోరో దాన్ని నింపుతుంది. మధ్యాహ్నం చూస్తే అంచు తడి మీద తేనెటీగలు నల్లగా వాలి ఉంటాయి, చుట్టూ బురదలో డెక్కల గుర్తులు. మంచి పనే. దీని మీద అభ్యంతరాలూ ఉన్నాయి. నీళ్లు ఒకే చోట ఉంటే జింకలు అక్కడే గుమిగూడి చుట్టుపక్కల గడ్డి మొదలంటా మేసేస్తాయి, ఒకదాని రోగం ఇంకొకదానికి అంటుకుంటుంది. వేటగాడికీ ఎక్కడ కాపు కాయాలో తెలిసిపోతుంది. పైగా ట్యాంకర్ మీద బతికే అడవి అడవేనా అన్న ప్రశ్న ఒకటి. ట్యాంకర్ ఆపితే ఆ వేసవికి ఏం చేస్తారన్నది రెండో వైపు ప్రశ్న. రెండిట్లోనూ పస ఉంది.

అగ్గిపుల్ల మనిషిది, మంట పాకడం ఎండది

మన అడవుల్లో పిడుగు పడి అంటుకునే మంటలు చాలా తక్కువ. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు కాలుస్తారు. తునికి కొత్త చిగుర్లు బాగా వస్తాయని నిప్పు పెడతారు. కాపరులు కొత్త గడ్డి కోసం పెడతారు. ఆర్పని బీడీ ముక్క ఉండనే ఉంది. అలాంటప్పుడు వాతావరణం మీద నింద ఎందుకు?

కారణం గాలి తేమ. వేడి గాలి ఎక్కువ తేమను పట్టుకోగలదు. 40 డిగ్రీల గాలి 42 డిగ్రీలకు చేరితే అది పట్టగల తేమ సుమారు 11 శాతం పెరుగుతుంది. గాలిలో నిజంగా ఉన్న తేమ మాత్రం అంతే ఉంటే, లోటు పూడ్చుకోవడానికి ఆకుల నుంచి, మట్టి నుంచి లాగుతుంది. రాలిన ఆకు ఇంకా గలగలలాడుతుంది. అదే చెంచు పెంట (చిన్న గూడెం), అదే ఇప్పచెట్టు, అదే అగ్గిపుల్ల. ఒకప్పుడు చెట్టు కిందే ఆరిపోయే మంట ఇప్పుడు వాలెక్కి పోతుంది. తాతల నుంచి వస్తున్న అలవాటు ఈ కాలంలో ప్రమాదంగా మారింది. ఆ అలవాటు ఉన్నవాళ్లను నేరస్తులుగా చూడటం వల్ల మంటలేమీ తగ్గలేదు. నిప్పు కనిపిస్తే ముందు కబురు చెప్పేదీ, ఫైర్ వాచర్లుగా కొమ్మలతో కొట్టి ఆర్పేదీ చాలా చోట్ల వాళ్లే.

2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు పోయాల్సి వచ్చింది. ఇప్పుడు ఉపగ్రహం మంటను చూడగానే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుంచి సిబ్బంది ఫోన్లకు మెసేజ్ వస్తుంది. అందుకే 'మంటలు పెరిగాయి' అన్న లెక్కలను కొంచెం జాగ్రత్తగా చదవాలి. కళ్లు మెరుగయ్యాక కనిపించేవి పెరగడం సహజం. ఒకే ఉపగ్రహ పరికరం లెక్కలను ఏడాదికీ ఏడాదికీ పోల్చితేనే అర్థం ఉంటుంది.

సముద్రం ముందుకొస్తే మడ చెట్టు ఎటు పోవాలి

కోరింగ దగ్గర మడ అడవులది వేరే లెక్క. ఉత్తర హిందూ మహాసముద్ర మట్టం 1993-2017 మధ్య ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. ముప్ఫై ఏళ్లకు 10 సెంటీమీటర్లు, అంటే జానెడు కూడా కాదు. కానీ డెల్టా పళ్లెంలా ఉంటుంది. ప్రతి 5 కిలోమీటర్లకు ఒక మీటరు మాత్రమే ఎత్తు పెరిగే చోట 10 సెంటీమీటర్ల నీరు అర కిలోమీటరు లోపలికి వస్తుంది.

మడ చెట్టుకు ఇదేం కొత్త పరీక్ష కాదు. దాని వేళ్లు ఒండ్రును పట్టి ఆపుతాయి, నేల మెల్లగా పైకి లేస్తుంది, సముద్రంతో పాటే చెట్టూ ఎదుగుతుంది. అది జరగాలంటే గోదావరి ఒండ్రు తేవాలి. ఎగువన ఆనకట్టల వెనక ఆ ఒండ్రు చాలా భాగం ఆగిపోతోంది. అది కుదరకపోతే చెట్టు భూమి వైపు జరగాలి. అక్కడ చెరువుల గట్లున్నాయి. ముందు సముద్రం, వెనక రొయ్యల చెరువు. మధ్యలో మడతో పాటు నీటిపిల్లి, పీతలు, చేప పిల్లలు అన్నీ ఆ సన్నటి పట్టీలో సర్దుకోవాలి.

ఆ పక్కనే హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. మూరెడు లోతు గుంటలో ఇసుక వేడే పిల్ల ఆడో మగో నిర్ణయిస్తుంది. సుమారు 29 డిగ్రీల దగ్గర సగం సగం, అంతకు మించితే ఆడపిల్లలు ఎక్కువ. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లలో ఎదుగుతున్నవి 99 శాతం ఆడవేనని 2018లో బయటపడింది. మన తీరంలోనూ ఇదే జరుగుతోందని దీన్నిబట్టి తేల్చేయలేం. తాబేళ్లు ముందు నెలల్లో గుడ్లు పెట్టి కొంత సర్దుకోవచ్చు, గుడ్లు పొదిగించే హేచరీల్లో నీడ పరదాలు కట్టొచ్చు. కానీ గుడ్డు దొంగల నుంచి, కుక్కల నుంచి కాపాడితే చాలనుకున్న కాలం పోయింది.

అన్నీ వాతావరణం మీద నెట్టేస్తే తప్పించుకునేదెవరు

ఇక్కడ రెండో వైపు వాదన గట్టిది. జీవవైవిధ్యంపై వందకు పైగా దేశాలు సభ్యులుగా ఉన్న ఐపీబీఈఎస్ అనే శాస్త్రీయ వేదిక 2019లో ఇచ్చిన నివేదికలో జీవజాతుల నష్టానికి కారణాలను వరస పెట్టింది. మొదటిది భూమిని, సముద్రాన్ని మనం వాడే తీరు మారడం. రెండోది నేరుగా వేట, నరికివేత. వాతావరణ మార్పు మూడోది.

మన దగ్గర సాక్ష్యం వెతకాలంటే కడప జిల్లా లంకమల చాలు. కలివి కోడి అంతరించిపోయిందనే చాలా కాలం అనుకున్నారు, 1986లో మళ్లీ కనిపించింది. దానికి కావాల్సింది దట్టమైన అడవి కాదు, మధ్యమధ్య ఖాళీ నేల ఉన్న ముళ్ల పొదలు. ఆ పొదలు పొలాలయ్యాయి, కాలువ పనులు వచ్చాయి. దాని కష్టాలకు ఎండను తిట్టి లాభం లేదు. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కనుమరుగవడానికీ గడ్డి నేలలు పంట భూములవడమే పెద్ద కారణం. గనికో రోడ్డుకో అడవిని ఇచ్చేసి, తర్వాత నష్టాన్ని 'వాతావరణ మార్పు' ఖాతాలో రాసుకోవడం సులభమని పర్యావరణ కార్యకర్తలు అనుమానించడంలో అర్థం ఉంది.

నా మటుకు ఈ మొదటి, మూడో స్థానాల పోటీ కొంత తప్పుదారి పట్టించేదే అనిపిస్తుంది. కోరింగలో చూశాం. చెరువు గట్టు లేకపోతే సముద్ర మట్టం పెరగడాన్ని మడ తట్టుకునేది, సముద్రం పెరగకపోతే గట్టు పక్కన కూడా బతికేది. రెండూ కలిసినప్పుడే ఊపిరాడదు.

మేడారం గాలిని కూడా ఇలాగే చూడాలి. మూడు నెలలకు, 2024 డిసెంబర్ 4న, అదే జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం రావడంతో రెండింటికీ ముడిపెట్టిన వీడియోలు తిరిగాయి. మేఘాల్లోంచి పుట్టే గాలికీ, భూమి లోపలి పలకల కదలికకూ సంబంధం లేదు. వాతావరణ మార్పుకు ఉందా? గాలివానకు మామిడి తోటలో కాయలు రాలితే, ఈ ఫలానా కాయ గాలికి రాలిందా పండి రాలిందా అని చెప్పలేం. ఏటా పది బుట్టలు రాలే తోటలో పదేళ్లుగా పదిహేను రాలుతుంటే తోటకేదో అయిందని చెప్పొచ్చు. భారీ వానల విషయంలో అలాంటి బుట్టల లెక్క మన దగ్గర ఉంది. కొన్ని కిలోమీటర్ల మేర, కొన్ని నిమిషాలు వీచే గాలులకు అంత పాత రికార్డు లేదు. వేడెక్కిన గాలి ఉరుముల మేఘాలకు బలం ఇస్తుందన్నంత వరకు శాస్త్రం చెబుతుంది. లోతు తక్కువ నేల, పైపైన పరుచుకున్న వేళ్లు, నానిన మట్టి కూడా ఆ చెట్లు పడటంలో పాలు పంచుకున్నాయి.

గీతను పొడిగించాలంటే ఎవరి నేల మీద

శాస్త్రవేత్తలు సూచించే మొదటి మందు కారిడార్. జంతువుకూ విత్తనానికీ జరగడానికి దారి ఇవ్వడం. నల్లమల నుంచి లంకమల మీదుగా శేషాచలం దాకా, కవ్వాల్ నుంచి మహారాష్ట్రలోని తడోబా దాకా ఇలాంటి దారుల గురించి ఏళ్లుగా చర్చ ఉంది. మ్యాప్ మీద ఆకుపచ్చ గీత గీయడం తేలిక. నేల మీద అది ఎవరో ఒకరి ఊరి గుండా పోతుంది.

2025 మేలో తెలంగాణ ప్రభుత్వం జీవో 49తో ఆసిఫాబాద్ వైపు కారిడార్ అడవులను కుమురం భీం కన్జర్వేషన్ రిజర్వ్‌గా ప్రకటించింది. ఆదివాసీ సంఘాలు భగ్గుమన్నాయి, జులైలో దాన్ని నిలిపేశారు. పులి రాకపోకలకు ఆ అడవి తప్పదన్నది అటవీ శాఖ మాట. 2006 అటవీ హక్కుల చట్టం కింద తేలాల్సిన పట్టాలు పక్కన పెట్టి, గ్రామసభను అడగకుండా కొత్త హోదా తెస్తే రేపు మమ్మల్నే బయటికి పొమ్మంటారన్నది ఆదివాసీల భయం. గతంలో కోర్ ఏరియాల నుంచి ఊళ్లను తరలించిన చరిత్ర ఉంది కాబట్టి ఆ భయాన్ని ఊహ అని కొట్టిపారేయలేం. కన్జర్వేషన్ రిజర్వ్‌లో ఆంక్షలు అభయారణ్యం అంత ఉండవన్నదీ నిజమే. ఆ మాట ముందే ఊళ్లలో కూర్చుని చెప్పి ఉంటే కథ వేరేగా నడిచేదేమో.

2030కల్లా భూమిలో, సముద్రంలో 30 శాతాన్ని కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. ఆ అంకెను చేరడానికి కొత్త గీతలు గీస్తారు. ఈసారి అవి ఇప్పుడు పులి ఉన్న చోట గీయాలా, నలభై ఏళ్ల తర్వాత ఉండబోయే చోట గీయాలా అన్నదాని మీద నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. రెండోదానికి భవిష్యత్తు వానల అంచనాలు కావాలి. ఒక జిల్లా స్థాయిలో ఆ అంచనాలు ఒక నమూనాకూ ఇంకో నమూనాకూ పొంతన లేకుండా వస్తుంటాయి.

మళ్లీ తాడ్వాయి. చెట్లు పడిన చోట నేల మీద నేరుగా ఎండ పడుతోంది. అభయారణ్యం కాబట్టి పడిన కలపను మామూలు కూపుల్లో (కలప కోసం వంతులవారీగా కొట్టే అడవి ముక్కల్లో) లాగా లారీకెత్తి అమ్మడానికి వీల్లేదు. వదిలేస్తే కుళ్లి నేలకు సారం అవుతుంది, పురుగులకూ పక్షులకూ ఇల్లవుతుంది. అదే కలప వేసవిలో మంటకు మేత కూడా అవుతుంది. టేకు లాంటి చెట్ల మోడు నుంచి పిలకలు వస్తాయి, వాటికి నాలుగైదు వానాకాలాల గడువు కావాలి. ఆ లోపు పక్షులు తెచ్చి వేసే లాంటానా అనే కలుపు పొద గింజలు కూడా ఎండ కోసమే చూస్తుంటాయి. దేశంలో పులులు తిరిగే అడవుల్లో సుమారు 40 శాతం మేర లాంటానా పాకిందని 2020లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. అది ఒకసారి అల్లుకుంటే కింద గడ్డి మొలవదు, గడ్డి లేకపోతే జింక రాదు. అందుకే ఆ వందల ఎకరాల్లో ఏటా వానలు వెనకబడ్డాక, ఎక్కడ పిలకలు తలెత్తాయో, ఎక్కడ లాంటానా అల్లుకుందో బీట్ వారీగా నడిచి రాసుకోవాల్సి ఉంటుంది.